నిలబెట్టిన తలుపులు

తలుపులు పడుకోబెట్టి తీసుకుపోదామని లేవి మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ప్రేమయ్య వద్దన్నాడు. ప్రేమయ్య ఒక్క మాట ఆడాలంటే ముందు రెండుసార్లు ఊపిరి కూడదీసుకోవాలి. అంత కష్టపడి తండ్రి ఆడిన మాటను తోసేయడానికి లేవికి నోరు రాలేదు. కొడుకులకు ఇలాంటప్పుడు పుట్టుకొచ్చే మెతకదనం ఎవరికీ మేలు చెయ్యదు. కానీ అది చెప్పేవాళ్ళు ఆ పొద్దున నంద్యాలలో ఆ ఇంటిముందు ఎవరూ లేరు.

తలుపులు టేకువి. ఎనిమిదడుగుల ఎత్తు, రెండు రెక్కలూ కలిపితే అయిదడుగుల వెడల్పు. కడప జిల్లా మైదుకూరులో ఒక వడ్రంగి ఏడాదిపాటు చెక్కాడు. చుట్టూ ద్రాక్షతీగ, నడుమ సిలువ. కోడుమూరు అవతల మిట్టకొట్టాల ఊర్లో ఉన్న చిన్న చర్చికి అవి ప్రేమయ్య మొక్కుబడి. ఆ చర్చికి కట్టిన నాటినుంచి తలుపు లేదు, ఒక రేకు అడ్డం పెట్టేవాళ్ళు. పదకొండేళ్ళ కింద ప్రేమయ్య భార్య ఏసుమణి చనిపోతే శవపెట్టెను లోపల పెట్టి ప్రార్థన చేస్తుండగా ఆ రేకు గాలికి ఊడిపోయి పెద్ద చప్పుడుతో పడింది. ఊరకుక్క ఒకటి లోపలికొచ్చి పెట్టె వాసన చూసిపోయింది. ప్రేమయ్య ఆ కుక్కను తిట్టలేదు, రేకును తిట్టలేదు. బతికుండగా ఈ గుమ్మానికి తలుపులు పెట్టిస్తానని అక్కడే మొక్కుకున్నాడు.

బతికుండగా అన్న మాట దగ్గరే చిక్కొచ్చింది. ముప్పైరెండేళ్ళు బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో నాపరాళ్ళు నునుపు చేసిన మనిషి ఆయన. ఆ రాతిపొడి అంతా పోయి ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఇక మందుల్లేవు, ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు అని డాక్టర్లు చేతులెత్తేశారు. ఆ మిషన్ చిన్న సూట్‌కేసంత ఉంటుంది. గదిలో గాలి పీల్చి అందులోంచి ఆక్సిజన్ తీసి గొట్టంలో మాస్కుకు పంపిస్తుంది. కరెంటు ఉన్నంతసేపు పైన పచ్చలైటు వెలుగుతుంది. కరెంటు పోతే లైటు ఆరి, మిషన్ కీచుమని అరుస్తుంది. అప్పుడు పక్కనున్న చిన్న సిలిండరు తిప్పాలి. అది అరగంట వస్తుంది.

నంద్యాలలో కరెంటు పోయే ఇళ్ళకు తక్కువేం లేదు. ఆ బాధ తీర్చింది లేవి కారు. పాతది కొన్నాడు, బ్యాటరీ కారు, బాడుగలకు తిప్పుతాడు. దానికి వెనక సీటు కింద ఒక సాకెట్ ఉంది. ఇంట్లో వస్తువేదైనా దానికి తగిలిస్తే కారు బ్యాటరీతో నడుస్తుంది. కరెంటు పోయినప్పుడల్లా లేవి కిటికీలోంచి వైరు లాగి మిషన్‌కు పెట్టేవాడు. వీధివీధంతా వచ్చి ఆ వింత చూసిపోయింది. ప్రేమయ్య మాత్రం కొడుకును పిలిచి, “నీ కారే నాకు ముక్కురా,” అన్నాడు. ఆయన నోట్లోంచి వచ్చిన మెప్పుకోలు ఏడాదిలో అదొక్కటే.

అంబులెన్సులో పోదామంటే ఆయన వినలేదు. “అంబులెన్సులో పోతే ఊరు ఊరంతా ఏడ్చుకుంటా ఎదురొస్తారు. నా కొడుకు కార్లో, తలుపులు ఎంటబెట్టుకోని పోతా,” అన్నాడు. పదిహేను రోజులు ఆలోచించి లేవి ఆ రెండు పనులూ ఒకే బండితో చేయాలని తీర్మానించుకున్నాడు. వెల్డింగ్ షాపు పరమేష్ కారు వెనక కొక్కెం బిగించి, రెండు చక్రాల ట్రైలర్ ఒకటి తయారు చేసి ఇచ్చాడు.

లేవి తెలివి తక్కువవాడు కాదు. ముందువారమే ట్రైలర్‌లో తలుపులకంటే బరువైన నాపరాళ్ళు పరిచి, మిట్టకొట్టాలదాకా పోయి చూశాడు. నూటా ఇరవై కిలోమీటర్లు. నిండా ఛార్జింగ్‌తో బయల్దేరితే కర్నూలు దగ్గర అరవై ఆరు శాతం ఉంది, ఊర్లో దిగేసరికి నలభై మూడు మిగిలింది. ఇరవైకి దిగితే సాకెట్ దానంతటదే ఆగిపోతుందని లేవికి తెలుసు. బండి నడవడానికి ఉండాలని కంపెనీవాళ్ళు పెట్టిన కట్టడి అది. నలభై మూడు మిగిలినప్పుడు ఇరవై గురించి ఎవడు ఆలోచిస్తాడు. రాళ్ళంత బరువును లాగిన బండికి కొయ్య ఒక లెక్కా అనుకున్నాడు.

అతను తూచింది బరువును. రాళ్ళు ట్రైలర్‌లో అడుగు ఎత్తు కూడా లేవు, కారు నీడలో అణగిమణగి వచ్చాయి. బరువు కదిలేటప్పుడు, ఎక్కుడులో మాత్రమే గింజుకుంటుంది, తర్వాత ఊరుకుంటుంది. గాలి అలాంటిది కాదు. ఎత్తుగా నిలబడినదాన్ని అది గజం గజానికీ ఆపి నిలదీస్తుంది. ఈ సంగతి లేవికి ఎవరూ చెప్పలేదు, అతనూ ఎవరినీ అడగలేదు.

తలుపులు ట్రైలర్ మీద నిలబెట్టాలని, అదీ సిలువ ముందుకు కనబడేట్టు అడ్డంగా నిలబెట్టాలని ప్రేమయ్య పట్టు. పొడవునా నిలబెడితే పక్కగాలికి ట్రైలర్ ఒరిగిపోతుందని పరమేష్ కూడా అడ్డంగానే మేలన్నాడు. ఇనుప యాంగిళ్ళు పెట్టి, బోల్టులు బిగించి, నాలుగువైపులా మోకులు లాగి కట్టాడు. కారుకంటే అంతెత్తున తలుపులు లేచి నిలబడ్డాయి.

“పండబెడితే నీకేమి నాయినా, గీతలు పడకుండా దుప్పట్లు కప్పుతా,” అని లేవి చివరిసారి అడిగాడు.

ప్రేమయ్య మాస్కు పక్కకు జరిపాడు. “మా నాయిన గనిలో పోయినప్పుడు... గుడిసె తలుపు పీకి... దానిమీద పండబెట్టి తెచ్చినారు. నాకు తొమ్మిదేండ్లు. అప్పట్నించీ పండుకున్న తలుపును నేను చూడలే. చూడలేను.”

లేవి దుప్పట్లు మడిచి ట్రైలర్‌లో పడేశాడు. భార్య అంజలి వంటపనులకని ముందురోజే పిల్లలతో ఊరికి పోయింది. ఫోన్ చేసి ఒకటే చెప్పింది. “బండి తోలుతా తోలుతా మామ పక్క చూస్తా ఉండు. పచ్చలైటు చూస్తా ఉండు. లైటుంటే మామ ఉన్నట్టే.”

ఆషాఢమాసం. వాన జాడ లేదుగానీ పడమటి గాలి తెల్లారకముందే మొదలైంది. ఎనిమిదింటికి బయల్దేరారు. ప్రతిష్ఠ ప్రార్థన పదకొండుకు. ప్రేమయ్య వెనక సీట్లో దిండ్లకు ఆనుకుని, తెల్లచొక్కా వేసుకుని, భుజాన తువ్వాలతో పెళ్ళిపెద్దలా కూర్చున్నాడు. పక్కన మిషన్, కాళ్ళ దగ్గర సిలిండరు. లేవి అద్దంలో వెనక్కి చూస్తే రోడ్డు కనబడలేదు, తండ్రి తల కూడా తలుపుల చీకట్లో కలిసిపోయింది. పక్క అద్దాలతోనే నెట్టుకొచ్చాడు.

రోడ్డు మీద జనం ఆగి చూశారు. ఓర్వకల్లు దగ్గర ఒక లారీ డ్రైవరు చేతులు జోడించాడు. ప్రేమయ్య అది చూసి లేవి భుజం తట్టాడు. అంతవరకు బాగానే ఉంది. కారు మాత్రం ముక్కుతూ నడిచింది. గాలికి మోకులు ఒకటే మోత, తలుపుల వెనక ఎవరో ఈలలు వేస్తున్నట్టు. అరవై వేగం దాటనివ్వకపోయినా ఛార్జింగ్ కళ్ళముందే తరిగిపోయింది.

కర్నూలు బైపాస్ చేరేసరికి నలభై ఆరు. రాళ్ళతో వచ్చినప్పుడు ఇక్కడే అరవై ఆరు. ఇరవై ఎక్కడికి పోయిందో లేవికి అర్థం కాలేదు. ఛార్జింగ్ పాయింటు దగ్గర ఆపాడు. ఉన్న రెండింట్లో ఒకటి చెడిపోయింది, రెండోదానికి ముందు రెండు కార్లు కాచుకుని ఉన్నాయి. తన వంతు వచ్చి ఎక్కించుకోవాలంటే గంటన్నర పట్టేట్టుంది.

“ఎంత దూరం పోతాదంట?” అని ప్రేమయ్య అడిగాడు.

లేవి స్క్రీన్ మార్చి, శాతం బదులు కిలోమీటర్లు పెట్టాడు. “అరవై ఎనిమిది అంటాండాది.”

“ఊరెంత?”

“నలభై ఎనిమిది.”

“మరి ఆగేదెందుకు? ఆడ జనం కాసుకోనుంటారు.”

లెక్క సరిగ్గానే ఉంది. ఇరవై కిలోమీటర్లు మిగులు. లేవికి లోపల ఎక్కడో గుచ్చుకుంది, కానీ తండ్రి తెల్లచొక్కా చూసి ఊరుకున్నాడు. ఏసీ ఆపేసి, ఛార్జింగ్ కలిసొస్తుందని నాలుగు అద్దాలూ దించి బయల్దేరాడు.

కర్నూలు దాటి కోడుమూరు దారి పట్టాక రోడ్డు పడమటికి తిరిగింది. అప్పటిదాకా ఏటవాలుగా తగిలిన గాలి ఇప్పుడు ఎదురుగా నిలబడింది. దూరంగా మిట్టలమీద గాలిమరలన్నీ వాళ్ళు పోయే దిక్కుకే మొహాలు పెట్టి తిరుగుతున్నాయి. కారు నాలుగు కిలోమీటర్లు పోయిందో లేదో స్క్రీన్ మీద పది తగ్గింది. లేవి వేగం యాభైకి తగ్గించాడు, నలభై అయిదుకు తగ్గించాడు. అరవై ఎనిమిది కాస్తా నలభై అయింది, ముప్పై అయింది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఆ అంకెనే చూస్తూ తోలాడు. తెరిచిన అద్దాల్లోంచి గాలి హోరు, వెనక మోకుల మోత. తన గొంతు తనకే వినబడడం లేదు.

అంకె పద్నాలుగుకు పడింది. ఊరు ఇంకా ఇరవై కిలోమీటర్లు. బండి మధ్యదారిలో ఆగిపోతుందని ఇక ఖాయమైపోయింది. కారు ఆగితే మిషన్ ఆగుతుంది, చేతిలో అరగంట సిలిండరు. లేవి రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

తలుపులు పడుకోబెట్టాలి. వేరే దారి లేదు. ఆ ఒక్క మాట తండ్రికి చెప్పాలంటే వెనక్కి తిరగాలి, తిరిగితే ఆయన కళ్ళు చూడాలి. ఆ కళ్ళు వద్దంటే మళ్ళీ తన చేతులు ఆడవు. అది లేవికి బాగా తెలుసు. అందుకే వెనక్కి తిరగలేదు. స్టీరింగు వైపే చూస్తూ, “నాయినా, నన్ను తిట్టుకుంటే తిట్టుకో. తలుపులు పండబెడతాండా,” అని గబగబా అనేసి దిగిపోయాడు.

పక్క చేనిలో ఉల్లినారుకు మడులు కడుతున్న ఈరక్క అనే ఆమెను, ఆమెతో ఉన్న ఇద్దరు మగవాళ్ళను బతిమాలి పిలుచుకొచ్చాడు. బోల్టులు బిర్రుగా పట్టుకున్నాయి. మోకుల ముడులు గాలికి ఊగి ఊగి మరీ బిగుసుకున్నాయి. కొడవలి తెచ్చి కోశారు. ఒక్కో రెక్క దించి, కింద దుప్పటి వేసి, పడుకోబెట్టేసరికి ఇరవై నిమిషాలు దాటింది. ఆ ఇరవై నిమిషాలూ లేవి కారుకు వీపు పెట్టే ఉన్నాడు. తండ్రి వెనక అద్దంలోంచి చూస్తున్నాడని, ఆ చూపు తన వీపు మీద ఉందని అనుకుంటూనే పని చేశాడు. సిలువ ఆకాశం వైపు తిరిగి పడుకుంది.

ఈరక్క చేతులు దులుపుకుంటూ కారులోకి తొంగిచూసింది. “పెద్దాయప్ప నిద్రబోతాండాడు, లేపొద్దులేప్పా. శానా దూరం పోవల్లా?” అంది.

నిద్రపోయాడన్న మాట లేవి చెవిన అమృతం పోసినట్టయింది. తండ్రి చూడలేదన్నమాట. ఊరి పొలిమేరలో మళ్ళీ నిలబెట్టేస్తే ఆయనకు తెలియనే తెలియదు. వాళ్ళకు దండం పెట్టి బండెక్కాడు.

కారు కాళ్ళకు సంకెళ్ళు తీసినట్టు ముందుకు దూకింది. మోకుల మోత లేదు. రెండు కిలోమీటర్లు పోయేసరికి పద్నాలుగు పదిహేడైంది, పదిహేడు ఇరవై రెండైంది. ముందుకు పోయేకొద్దీ దూరం పెరిగే వింత చూసి లేవికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. “చూడు నాయినా,” అన్నాడు, “పెరుగుతాండాది చూడు. గాలికి అడ్డం పెట్టుకోని వచ్చినామే గానీ బరువు కాదు నాయినా ఇది.”

తలుపులు లేని వెనక అద్దంలోంచి ఎండ లోపలికి పడుతోంది. ఆ పొద్దున మొదటిసారి లేవికి అద్దంలో తండ్రి కనబడ్డాడు. తల కిటికీకి వాలి ఉంది. మాస్కులో ఆవిరి లేదు.

బండి ఎలా ఆపాడో లేవికి గుర్తులేదు. వెనక తలుపు తీశాడు. సీటు మీద మిషన్ కనబడలేదు, ప్రేమయ్య తువ్వాల కనబడింది. నాలుగు మడతలు వేసి, మిషన్ పైన కప్పి, అరుపు వచ్చే చిల్లుల దగ్గర అంచును బాగా కూరి ఉంది. ఆయన కుడిచెయ్యి ఇంకా దానిమీదే ఉంది. లేవి తువ్వాల లాగాడు. మిషన్ కీచుమని అరిచింది. పచ్చలైటు లేదు.

కాళ్ళ దగ్గర సిలిండరు సీలు తీయకుండా అలాగే ఉంది. వంగి ఒక్కసారి తిప్పితే చాలు, అరగంట వచ్చేది.

ఛార్జింగ్ ఇరవైకి దిగినప్పుడే, బండి ఆపడానికి ముందే, సాకెట్ ఆగిపోయింది. లేవి కిలోమీటర్లు చూస్తున్నాడు గానీ శాతం చూడలేదు. లైటు ఆరడం ప్రేమయ్య చూశాడు. చెబితే కొడుకు ఏం చేస్తాడో ఆయనకు తెలుసు. ముందు తలుపులు పీకుతాడు, లేదంటే రోడ్డు మీద వదిలేస్తాడు. సిలిండరు కోసం వంగి మాస్కు మార్చుకుంటే కొడుకు కంట పడతానని దాని జోలికీ పోలేదేమో. ఇంకెంత, కాస్త ఓర్చుకుంటే ఊరొస్తుంది అనుకున్నాడేమో. ముప్పైరెండేళ్ళు దుమ్ములో ఊపిరి బిగబట్టి పని చేసిన మనిషి, ఇదీ బిగబట్టగలననుకున్నాడేమో. తలుపులు దించడం చూసి కళ్ళు మూసుకున్నాడో, అంతకుముందే మూసుకున్నాడో ఎవరూ చెప్పలేరు. లేవి వెనక్కి తిరిగి ఒక్కసారి చూసుంటే తెలిసేది.

సిలిండరు తిప్పి మాస్కు పెట్టాడు, ఛాతీ నొక్కాడు, నాయినా నాయినా అని పిలిచాడు. కోడుమూరు ఆస్పత్రి నాలుగు కిలోమీటర్లు. డాక్టరమ్మ పరుగున కారు దగ్గరికే వచ్చి, చూసి, స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ, పోయి శానాసేపయిందని చెప్పింది. లోపలికి తెమ్మనలేదు.

మిట్టకొట్టాల చేరేసరికి పదకొండున్నర. చర్చి ముందు షామియానా, జనం చేతుల్లో పూలదండలు. కారు వెనక తలుపులు నిలబడి లేకపోవడం చూసి పాడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. బండి ఆగింది. స్క్రీన్ మీద ఇంకా పంతొమ్మిది కిలోమీటర్లు ఉంది. ఆ అంకెను లేవి అరచేత్తో మూశాడు. పొద్దునే మొండిగా పడుకోబెట్టుంటే నాయిన ఉండేవాడు. చివరిదాకా నిలబెట్టే తెచ్చుంటే నాయిన మాటన్నా నిలిచేది. తను రెంటికీ చెడ్డాడు.

ఏడుపులు లేచాయి. సంఘపెద్ద జయకుమార్ కళ్ళు తుడుచుకుని, ట్రైలర్ వైపు చూసి, పక్కనున్నవాళ్ళతో, “ఒక రెక్క ఇట్ల దించండప్పా. దానిమీద పండబెట్టి లోపలికి తీసకపోదాము,” అన్నాడు. మనుషులు తలుపు మీద చెయ్యి వేశారు.

“తలుపు వద్దు,” అని లేవి అన్నాడు. ఇంత గట్టిగా అతను మాట్లాడడం ఆ ఊరు ఎప్పుడూ వినలేదు. “అవి నిలబెట్టండి. గోడకు ఆనిచ్చి నిలబెట్టండి.”

తండ్రిని రెండు చేతుల మీద తనే ఎత్తుకున్నాడు. బరువే లేడు. తలుపు లేని గుమ్మంలోంచి తీసుకుపోయి ఏసుమణి పెట్టె పెట్టినచోటే పడుకోబెట్టాడు.

బయటికొచ్చేసరికి అంజలి కారు దగ్గర నిలబడి ఉంది. మిషన్‌ను ఎత్తబోయి, దాని మీద మళ్ళీ జారిపడి ఉన్న తువ్వాలను పట్టుకుని చూస్తోంది. మడతలు ఇంకా విడలేదు. చుట్టూ సంఘస్తులు ఉన్నారు, జయకుమార్ ఉన్నాడు.

“దీన్నెవరు కప్పినారు?” అని అడిగింది.

లేవి నిజం చెప్పబోయాడు. చెబితే ఈ ఊరు దానికి ఒకటే పేరు పెడుతుంది, ప్రేమయ్య తన ప్రాణం తానే తీసుకున్నాడని. ఇక ఆ తలుపుల్లోంచి పోయేవాళ్ళు ప్రతి ఆదివారమూ ఆ మాటే అనుకుంటూ పోతారు. పదకొండేళ్ళ మొక్కుబడికి ఆ పేరు మిగులుతుంది.

“నేనే,” అన్నాడు. “మిషన్ మీద ఎండ పడ్తాందని కప్పినా.”

అంజలి తువ్వాల తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“లైటు చూస్తా ఉండమని ఒక్క మాట చెప్తి కదా,” అని లోపలికి పోయింది.